శివారు సంతలో తాజా సరుకు కొనడం ఎలా?

నగర శివార్లలో శని, ఆదివారాల్లో పెట్టే సంతకు ఎందుకు వెళ్తున్నారో ముందుగా తేల్చుకుంటే మిగతా పనులు తేలికవుతాయి. ధర కోసమే వెళ్తే ప్రతిసారీ లాభం ఉండదు. కొన్ని సరుకులు దుకాణం కంటే చౌకగా ఉంటాయి, కొన్ని ప్రియంగా ఉంటాయి. దుకాణంలో అరుదుగా దొరికి, మంచి సంతలో మాత్రం తప్పక దొరికేది ఒకటుంది: కోసి ఎక్కువ గంటలు గడవని ఆకు, కాయ, పండు. మొక్క నుంచి వేరైన తరువాత కూడా కాయ ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆ ఊపిరికి తనలోని చక్కెరను, నీటిని ఖర్చు చేస్తూనే ఉంటుంది. ఆ ఖర్చు తక్కువైనకొద్దీ కంచంలోకి రుచి ఎక్కువగా వస్తుంది. అందుకే సంతకు ఎప్పుడు వెళ్లాలి, ఏమి కొనాలి, ఎలా మోసుకురావాలి, ఇంట్లో ఎక్కడ పెట్టాలి అన్నవన్నీ ఈ గంటల లెక్క మీదే నడవాలని నా నమ్మకం.

ఈ విషయంలో శివారుకు ఒక సహజమైన అనుకూలత ఉంది. జర్మన్ ఆర్థికవేత్త యోహాన్ హైన్రిచ్ ఫాన్ థ్యూనెన్ 1826లోనే దీనిని వివరించాడు. పాలు, కూరగాయల వంటి త్వరగా పాడయ్యే సరుకును నగరానికి అతి దగ్గరి వలయంలో, ధాన్యాన్ని దాని వెలుపల, పశువుల పెంపకాన్ని ఇంకా దూరాన చేపడితేనే రైతుకు గిట్టుతుందని ఆయన లెక్క. శీతల వాహనాలు, మంచి రోడ్లు వచ్చాక ఆ వలయాలు చెదిరిపోయాయి. అయినా నగరం అంచున ఇంకా మిగిలిన ఆకుకూరల మడులు, చిన్న తోటలు ఆ లెక్క మీదే బతుకుతున్నాయి. శివారు సంతకు వాటి నుంచి సరుకు రావడానికి ఎంతో సేపు పట్టదు.

ముందు సంతను ఎంచుకోండి

మీ చుట్టుపక్కల ఒకటి కంటే ఎక్కువ సంతలు ఉండవచ్చు. ఒకటి మైదానంలో, ఇంకొకటి రోడ్డు పక్కన, మరొకటి సెలవు రోజున ఖాళీగా ఉండే ఏదైనా ఆవరణలో. ఇరుగుపొరుగును అడగండి, స్థానిక పురపాలక కార్యాలయంలో అడగండి. అందరికంటే బాగా చెప్పగలిగేది మాత్రం మీ వీధిలో చిన్న హోటల్ నడిపేవాళ్లు. వాళ్లకు సరుకు ఎక్కడ బాగుంటుందో తెలుసుకోవడం బతుకుతెరువు.

మొదటిసారి కొనుగోలు కోసం వెళ్లకండి, చూడటానికి వెళ్లండి. ఎన్ని గంటలకు దుకాణాలు సర్దుతున్నారు, సరుకు ఏ బండిలో దిగుతోంది, నీడ ఉందా, మంచినీరు, మరుగుదొడ్డి ఉన్నాయా, వాహనం ఎక్కడ నిలపాలి, బస్సు దిగి ఎంత దూరం నడవాలి అన్నవి గమనించండి. మోయవలసిన బరువు తిరుగు ప్రయాణంలో ఉంటుంది కాబట్టి నడకను లెక్క వేసేటప్పుడు నిండు సంచులతో వేయాలి. రెండు సంతలు చూశాక ఒకదానిని ఎంచుకుని దానికే వరుసగా వెళ్లడం మంచిది. ప్రతి వారం కొత్త చోటికి వెళ్లేవాళ్లకు ముఖ పరిచయం ఏర్పడదు. ముఖ పరిచయం లేనిదే అమ్మేవాళ్ల నుంచి నిజమైన సమాచారం రాదు.

ఏ వేళకు వెళ్లాలి

తెరిచిన మొదటి గంటలో వెళ్లండి. సాధారణంగా వేడి ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగేకొద్దీ కూరగాయల శ్వాస వేగం రెండు మూడు రెట్లు అవుతుంది. అంటే తెల్లవారుజామున కోసిన పాలకూర ఎండలో మూడు నాలుగు గంటలు గడిపితే, చల్లని చోట ఒక పగలంతా ఉన్న పాలకూర కంటే ఎక్కువ ముసలిదైపోతుంది. కోత ఈ రోజుదే అయినా మధ్యాహ్నానికి ఆ మాటకు విలువ ఉండదు.

చివరి గంటకూ ఒక ప్రయోజనం ఉంది. తిరిగి మోసుకుపోలేని సరుకును తక్కువకు ఇచ్చేస్తారు. ఆ సాయంత్రమే వండి నిలవ చేసే పని పెట్టుకుంటే, ఊరగాయకో, టమాటా గుజ్జుకో, పండ్ల పాకానికో కావలసినంత కొనుక్కోవచ్చు. ఆ పని చేసే ఓపిక లేకపోతే మాత్రం చివరి గంట చవకకు ఆశపడకండి. రెండు రోజుల్లో కుళ్లిపోయే బుట్టెడు పండ్లు ఏ ధరకు కొన్నా దండగే.

చిరుజల్లు పడే రోజును వదులుకోకండి. కొనేవాళ్లు తగ్గుతారు, రైతు మాత్రం కోసిన సరుకుతో వచ్చేసి ఉంటాడు. చల్లదనం వల్ల ఆకు నిలుస్తుంది, మాట్లాడటానికి అతనికి తీరిక దొరుకుతుంది. మీరు కొన్న కట్ట విలువ అతనికి ఆ రోజు మామూలు కంటే ఎక్కువ.

సంచీ సర్దడం

గట్టి అడుగు ఉన్న సంచి ఒకటి, పలుచని గుడ్డ సంచులు నాలుగైదు, మెత్తని పండ్లకు మూత ఉన్న డబ్బా ఒకటి, గుడ్లకు అట్ట పెట్టె, ఆకుకూరలకు తడి గుడ్డ. చేపలు, మాంసం, పాలు కొనే ఉద్దేశం ఉంటే వేడి చొరబడని సంచి తప్పనిసరి. ముందు రోజు రాత్రి రెండు నీళ్ల సీసాలను గడ్డకట్టించి అందులో పెట్టుకుంటే మంచు పొట్లాలు కొనే అవసరం ఉండదు. చిల్లర నోట్లు ఎక్కువగా ఉంచుకోండి. ఫోనుతో చెల్లించే వీలు చాలా చోట్ల ఉన్నా, మైదానంలో సంకేతాలు అందని సమయాలు ఉంటాయి.

జాబితా రాసుకోండి, కానీ పేర్లు రాయకండి. "రెండు ఆకుకూరలు, ఒక దుంప, వేపుడుకు ఒకటి, పులుసుకు ఒకటి, ఈ రోజు తినే పండు, నాలుగు రోజుల తరువాత తినే పండు" అని ఖాళీలు వదిలి రాసుకోండి. ఆ ఖాళీలను ఆ రోజు బాగున్న సరుకుతో నింపాలి. వంకాయ కొనాలని నిశ్చయించుకుని వెళ్లినవాళ్లు పుచ్చు వంకాయలైనా కొంటారు. వేపుడుకు ఏదో ఒకటి కావాలని వెళ్లినవాళ్లు ఆ ఉదయం కోసిన బెండకాయల దగ్గర ఆగుతారు.

ఖాళీ చేతులతో ఒక చుట్టు

చేరగానే ఏదీ కొనకుండా సంతంతా ఒకసారి తిరగండి. పది నిమిషాల పని. ఈ చుట్టులో మీరు చూడవలసింది రెండే: ఈ వారం ఏ సరుకు ఎక్కువ మంది దగ్గర ఉంది, ఎవరు స్వయంగా పండించి తెచ్చారు.

ఎక్కువ మంది దగ్గర ఉన్నదే ఆ వారపు పంట. అది కాలానికి వచ్చిందన్నమాట. రుచి, ధర రెండూ దానికే అనుకూలంగా ఉంటాయి.

రెండోది తేల్చుకోవడానికి కాస్త కన్ను కావాలి. మారుబేరం చేసేవాళ్లు పెద్ద మార్కెట్‌లో కొని ఇక్కడ అమ్ముతారు. అదీ కష్టపడి చేసే పనే, తప్పేమీ కాదు. కానీ మీరు వెతుకుతున్న గంటలు వాళ్ల దగ్గర దొరకవు, ఎందుకంటే ఆ సరుకు ఇప్పటికే రెండు మూడు చేతులు మారింది. పండించినవాడి దగ్గర సరుకు రకాలు తక్కువగా ఉంటాయి, ఉన్నవి ఎక్కువ మొత్తంలో ఉంటాయి. కాయలన్నీ ఒకే కొలతలో ఉండవు. వేర్లకు మన్ను, ఆకుకు పురుగు కొరికిన చిల్లులు ఒకటి రెండు కనిపిస్తాయి. అదే బల్ల మీద యాపిల్, అరటి, ద్రాక్ష, నారింజ, క్యాబేజీ అన్నీ కలిసి ఉంటే ఒకే నేలలో, ఒకే కాలంలో అవి పండే అవకాశం చాలా తక్కువ. బల్ల వెనక పేర్చిన పెట్టెలను కూడా చూడండి. పండు మీద చిన్న చీటీ, దాని మీద నాలుగంకెల సంఖ్య ఉంటే అది పెద్ద పంపిణీ గొలుసు గుండా వచ్చిన పండు. దుకాణాల్లో గుర్తింపు కోసం 1990 నుంచి వాడుకలో ఉన్న సంఖ్యలు అవి. తొమ్మిదితో మొదలయ్యే అయిదంకెల సంఖ్య ఉంటే సేంద్రియంగా పండించినదని సూచన.

అడగవలసిన ప్రశ్నలు

"తాజాదేనా?" అని ఎప్పుడూ అడగకండి. అవునని తప్ప జవాబు రాదు. "ఎప్పుడు కోశారు?" అని అడగండి. స్వయంగా కోసినవాళ్లు వెంటనే చెబుతారు: నిన్న సాయంత్రం, ఈ తెల్లవారుజామున, మొన్న వాన వెలిశాక. తడబాటు కూడా ఒక జవాబే. ఆ తరువాత "ఇది ఏ రకం?", "ఇంకా ఎన్ని వారాలు వస్తుంది?", "మీ ఇంట్లో దీన్ని ఎలా వండుతారు?" అనే ప్రశ్నలు వరుసగా వస్తాయి. చివరి ప్రశ్నకు దొరికే జవాబులను నేను అన్నిటికంటే విలువైనవిగా భావిస్తాను. పండించే చేతులు వండే పద్ధతిలో ఆ కాయ స్వభావం మీద అవగాహన ఉంటుంది. ఏది ఎక్కువ నీరు వదులుతుందో, దేనికి నూనె తక్కువ చాలో, ఏ ఆకును కాడతో సహా వండవచ్చో వాళ్లకు తెలుసు.

సేంద్రియం అని బోర్డు రాసి ఉంటే ధ్రువపత్రం ఉందా అని మర్యాదగా అడగవచ్చు. రసాయన ఎరువులు మానేసిన వెంటనే పొలం సేంద్రియం అయిపోదు. పంటను, దేశపు నిబంధనలను బట్టి సాధారణంగా రెండు నుంచి మూడు సంవత్సరాల మార్పు కాలం గడవాలి. ధ్రువపత్రం ఖర్చు భరించలేక, మంచి పద్ధతులతో పండించే చిన్న రైతులూ ఉంటారు. వాళ్లను "పురుగు పడితే ఏమి చేస్తారు?" అని అడగండి. వివరంగా చెప్పగలిగితే నమ్మండి. "మాకు అసలు పురుగే పట్టదు" అంటే నమ్మకండి.

చేతితో, కంటితో, ముక్కుతో ఎంచుకోవడం

ఇక్కడ తొందర పడకండి. మొదట తెలుసుకోవలసిన భేదం ఒకటుంది. కొన్ని పండ్లు కోసిన తరువాత కూడా మాగుతాయి: మామిడి, అరటి, బొప్పాయి, జామ, సపోటా, టమాటా, యాపిల్. ఇవి ఇథిలీన్ అనే వాయువును వదులుతూ, దాని ప్రభావంతోనే మెత్తబడి తియ్యబడతాయి. ద్రాక్ష, నారింజ, నిమ్మ, దానిమ్మ, అనాస, స్ట్రాబెర్రీ మాత్రం చెట్టు నుంచి వేరైన క్షణానికి ఎంత తీపి ఉంటే అంతే. ఇంట్లో ఎన్నాళ్లు ఉంచినా రంగు మారవచ్చు, మెత్తబడవచ్చు, తీపి పెరగదు. అందుకే మొదటి జాతిని దోరగా ఉన్నప్పుడు కొని మాగబెట్టుకోవచ్చు. రెండో జాతిని రుచి చూసి మాత్రమే కొనాలి. ద్రాక్ష అమ్మేవాళ్లు ఒక పండు ఇస్తే గుత్తి అడుగున ఉన్నది అడగండి. భుజం దగ్గరి పండ్ల కంటే కొసన ఉన్నవి ఆలస్యంగా తీపి పట్టుకుంటాయి. అది తియ్యగా ఉంటే గుత్తి అంతా తియ్యగానే ఉంటుంది.

మామిడి, అరటి విషయంలో ఒక హెచ్చరిక. కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టడం కొన్ని దేశాల్లో నిషేధం. దాని నుంచి వెలువడే ఎసిటిలీన్ పండును మాగినట్టు చేస్తుంది. పారిశ్రామిక కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉండటమే అసలు ప్రమాదం. చూపుతోనే దీనిని నిశ్చయంగా కనిపెట్టలేం. కానీ పండంతా ఒకే రంగు తిరిగి, నొక్కితే గట్టిగా ఉండి, తొడిమ దగ్గర వాసనే లేకపోతే వదిలేయడం మేలు. ఆ పంట కాలం మొదలవకముందే వచ్చిన పండ్లను కూడా అనుమానించాలి.

పుచ్చకాయను తట్టి చూడటం అందరికీ తెలుసు. తట్టడం కంటే నమ్మదగిన గుర్తు దాని అడుగున ఉంది. నేలకు ఆని పెరిగిన చోట మచ్చ తెల్లగా ఉంటే పచ్చిది, గాఢమైన పసుపు రంగులో ఉంటే పండినది. ఒకే పరిమాణంలో ఉన్న రెండింటిలో బరువైనదాన్ని తీసుకోండి. అనాసను అడుగున వాసన చూడండి. తియ్యటి వాసన రావాలి, పులిసిన వాసన రాకూడదు.

ఆకుకూరల్లో నీటిచుక్కల మెరుపుకు మోసపోకండి. నీళ్లు చల్లితే వాడిన ఆకు కూడా కాసేపు నవనవలాడుతుంది, బరువూ పెరుగుతుంది. కట్టను తిరగేసి కాడల కొసలు చూడండి. కోసిన చోట తడిగా, లేత రంగులో ఉంటే ఈ ఉదయపుది. ఎండి గోధుమ రంగుకు తిరిగితే పాతది. కట్ట నడుమ వేలు పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే లోపల కుళ్లు మొదలైనట్టే. బెండకాయ కొస విరిస్తే టక్కున తెగాలి. ఆ పరీక్షకు ముందు అమ్మేవాళ్ల అనుమతి అడగండి, ఒక్క కాయతో సరిపెట్టండి. వంకాయకు ముచ్చిక పచ్చగా, కాయ పరిమాణానికి తగ్గ బరువుతో ఉండాలి. పెద్దదై తేలికగా అనిపిస్తే లోపల గింజ ముదిరినట్టు. చిక్కుడు, బీన్స్‌లో గింజ ఉబ్బెత్తుగా కనిపిస్తే వేపుడుకు పనికిరావు. క్యారెట్, ముల్లంగి ఆకులతో సహా దొరికితే అదృష్టమే. దుంప కంటే ఆకు ముందు వాడుతుంది కాబట్టి అది నిలిచి ఉంటే దుంప కొత్తదే.

మొక్కజొన్న పొత్తులు, పచ్చి బఠాణీలు ఈ సంతలో తప్పక కొనవలసినవి. కోసిన గంట నుంచే వాటిలోని చక్కెర పిండి పదార్థంగా మారడం మొదలవుతుంది. వెచ్చని వాతావరణంలో ఒక్క రోజులోనే తేడా నాలుకకు తెలుస్తుంది. పొత్తు పైతొక్క పచ్చగా, పీచు కొస గోధుమ రంగులో, మిగతా పీచు తేమగా ఉండాలి. తొక్క ఒలిచి చూడకండి. ఒలిచిన పొత్తును తరువాత వచ్చినవాళ్లు కొనరు. పైనుంచే వేళ్లతో నొక్కితే గింజల వరుస కొస దాకా నిండి ఉందో లేదో తెలిసిపోతుంది.

బంగాళాదుంప, ఉల్లి, వెల్లుల్లి, గుమ్మడి కోసం సంతలో శ్రమ పడనవసరం లేదని నా అభిప్రాయం. వాటికి గంటలతో పని లేదు, వారాలు నిలుస్తాయి, బరువు ఎక్కువ. అరుదైన రకం కనిపిస్తే తప్ప ఆ బరువును ఇంటి దగ్గరి దుకాణానికి వదిలేయండి. బంగాళాదుంప కొనాల్సి వస్తే పచ్చ ఛాయ ఉన్నవి వద్దు. వెలుతురు తగిలినందువల్ల వచ్చే ఆ పచ్చదనం పత్రహరితమే అయినా, దానితో పాటు సోలనిన్ అనే చేదు విషం కూడా పెరిగి ఉంటుంది. వండినా అది పోదు.

అడవి పుట్టగొడుగులు ఎవరు అమ్మినా, గుర్తించే శిక్షణ ఉన్నవారి తనిఖీ లేకపోతే కొనకండి. అత్యంత ప్రమాదకరమైన జాతుల్లోని విషం వంటతో నశించదు. లక్షణాలు తరచూ ఆరు గంటల తరువాత గానీ కనిపించవు, అప్పటికి కాలేయానికి నష్టం మొదలై ఉంటుంది. పెంచిన పుట్టగొడుగులకు ఈ భయం లేదు.

గుడ్లు, తేనె, పాలు, చేపలు

గుడ్డు పెంకు మీద సహజంగా ఒక పలుచని పొర ఉంటుంది. అది సూక్ష్మజీవులను లోపలికి రానివ్వదు. కడిగిన గుడ్డుకు ఆ రక్షణ పోతుంది కాబట్టి కడిగారా లేదా అని అడగండి. కడిగినవైతే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంట్లో నీటిలో వేస్తే తేలిన గుడ్డు పాతదని అర్థం, చెడిపోయిందని కచ్చితంగా చెప్పలేం. పగలగొట్టాక వాసనే చివరి తీర్పు.

తేనె గడ్డకట్టడం కల్తీకి గుర్తు కాదు. గ్లూకోజ్ ఎక్కువగా ఉన్న తేనె సహజంగానే పేరుకుంటుంది. నీటిలో చుక్క వేసి, వత్తికి రాసి వెలిగించి చేసే పరీక్షలు నమ్మదగినవి కావు. తేనెపట్టులు ఎక్కడ పెట్టారు, అప్పుడు ఏ పూలు పూశాయి అని అడిగి వచ్చే జవాబును బట్టి కొనండి. ఏడాది నిండని బిడ్డకు ఏ తేనె అయినా పెట్టకూడదు. బొట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధి వచ్చే ప్రమాదం ఉంది.

పచ్చి పాలు కొంటే ఇంటికి చేరగానే కాచండి. చేప కళ్లు తేటగా, ఉబ్బెత్తుగా, మొప్పలు ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కిన చోట గుంట నిలవకూడదు. నీచు వాసన ఘాటుగా వస్తే ఏ ధరకూ వద్దు. మంచు మీద పెట్టని చేపను చూసే పనే లేదు. ఇవన్నీ చివరగా కొనవలసినవి, కొన్నాక ఇంకెక్కడా ఆగకూడదు.

తూకం, బేరం

కాటా మీద సరుకు పెట్టకముందు అంకె సున్నా చూపిస్తోందో లేదో చూడండి. గిన్నెతో తూస్తే గిన్నె బరువు ముందే తీసేశారో లేదో అడగండి. అనుమానం ఉంటే మీ సంచిలోని మూత తీయని లీటరు నీళ్ల సీసాను తూయమని అడగవచ్చు. లీటరు నీరు ఒక కిలో, సీసాతో కలిపి కొద్దిగా ఎక్కువ చూపాలి. ఈ ఒక్క పరీక్షతో గొడవ లేకుండా నిజం తేలుతుంది.

బేరం సంగతి. పండించి తెచ్చినవాళ్ల దగ్గర కట్ట ఆకుకూరకు బేరమాడకండి. తెల్లవారకముందు లేచి, వంగి కోసి, కడిగి, కట్టలు కట్టి తెచ్చిన శ్రమకు ఆ ధర తక్కువే. మొత్తంగా ఎక్కువ కొన్నప్పుడు, రోజు చివర సరుకు మిగిలినప్పుడు తగ్గింపు అడగడం న్యాయం. ఎక్కువ తీసుకుంటే ఎంతకు ఇస్తారని అడిగితే ఇద్దరి మర్యాదా నిలుస్తుంది. వంకర కాయలు, గాటు పడిన పండ్లు వేరుగా పెట్టి ఉంటే వాటిని అడగండి. వండే పనికి అవి ఏ మాత్రం తీసిపోవు.

అక్కడే తినేటప్పుడు

సంతలో వేడివేడిగా వండి పెట్టే బల్లలు ఉంటాయి. వరుస పొడుగ్గా, వేగంగా కదిలే చోట తినండి. అక్కడ వండినది నిలవ ఉండదు. డబ్బు తీసుకునే చేయి, ఆహారం వడ్డించే చేయి వేర్వేరుగా ఉన్నాయా చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచితే 5 డిగ్రీల లోపు ఉండాలి. ముందే కోసి ఎండలో పెట్టిన పండ్ల ముక్కలకూ ఈ జాగ్రత్తే వర్తిస్తుంది. మీ ఎదురుగా కోసిస్తేనే తినండి. వేరుశనగ, పాలు, గుడ్డు వంటివి పడనివాళ్లు వంటలో ఏమి వేశారో ముందే అడగాలి. ఒకే పెనం మీద అన్నీ వేయించే చోట తినకపోవడమే క్షేమం.

పిల్లలు వెంట ఉంటే కొంత డబ్బు వాళ్ల చేతికిచ్చి, ఎప్పుడూ తినని కూరగాయ ఒకటి ఎంచుకోమనండి. తాము అడిగి కొన్నదాన్ని ఇంట్లో రుచి చూడటానికి వాళ్లు సాధారణంగా ఒప్పుకుంటారు.

ఇంటికి చేరే దారి

బరువైనవి అడుగున, ఆకులు పైన, మెత్తని పండ్లు డబ్బాలో. పచ్చి మాంసం, చేప విడిగా, వాటి నీరు కూరగాయల మీద పడకుండా. ఎండలో నిలిపిన కారు తలుపులు మూసి ఉంటే పది నిమిషాల్లోనే లోపలి వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. సంచులు అందులో వదిలి ఇంకో పనికి వెళ్తే ఉదయం నుంచి కాపాడిన గంటలన్నీ అక్కడ పోతాయి. ఇతర పనులన్నీ సంతకు ముందే ముగించుకోండి.

సర్దడం, వండటం

ఇంటికి రాగానే క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్ ఆకులను కోసి వేరు చేయండి. అలాగే వదిలేస్తే ఆకులు దుంపలోని నీటిని లాగేస్తూనే ఉంటాయి. ఆ ఆకులను పారేయకండి, లేతవి కూరకు పనికొస్తాయి. ఆకుకూరలను కడగకుండా, కుళ్లిన ఆకులు ఏరేసి, పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కడగడం వండే ముందే, ధారగా పడే నీటి కింద. సబ్బు వాడకూడదు. కొత్తిమీర, పుదీనా కాడలను నీళ్లున్న గ్లాసులో నిలబెడితే ఎక్కువ రోజులు ఉంటాయి.

టమాటాలను ఫ్రిజ్‌లో పెట్టకండి. 12 డిగ్రీల లోపు చల్లదనంలో వాటి సువాసన తయారు కావడం మందగిస్తుంది. బాగా పండి చితికిపోయే స్థితికి వస్తే తప్ప బయటే ఉంచండి. అరటి కూడా అంతే, 13 డిగ్రీల లోపు తొక్క నల్లబడుతుంది. బంగాళాదుంపలకు చీకటి, గాలి, చల్లదనం కావాలి కానీ ఫ్రిజ్ వద్దు. అక్కడ వాటిలోని పిండి పదార్థం చక్కెరగా మారి, వేయించినప్పుడు నల్లబడతాయి, అక్రిలమైడ్ అనే హానికర పదార్థమూ పెరుగుతుంది. ఉల్లిపాయలను బంగాళాదుంపలకు దూరంగా పెట్టండి. ఇథిలీన్ వదిలే యాపిల్, మామిడి, అరటి పక్కన ఆకుకూర, దోస, బ్రోకలీ ఉంచితే అవి త్వరగా పసుపు తిరుగుతాయి. అదే వాయువుతో పని చేయించుకోవాలంటే గట్టి మామిడి, సపోటాలను ఒక పండిన అరటితో కలిపి కాగితపు సంచిలో మూసి పెట్టండి.

ఆ రోజు మధ్యాహ్నమే మొక్కజొన్న, బఠాణీ, చేప. రాత్రికి ఆకుకూర ఒకటి. మర్నాడు రెండో ఆకుకూర, బెండ, బీన్స్. వారం మధ్యలో వంకాయ, టమాటా, దోస. చివరికి క్యాబేజీ, దుంపలు. ఫ్రిజ్ తలుపు మీద ఈ క్రమం రాసి పెట్టుకుంటే గురువారం నాడు వాడిన ఆకులను పారేసే పరిస్థితి రాదు.

ఆ కాగితం కింద ఇంకొంత చోటు ఉంచండి. ఏది ఎవరి దగ్గర కొన్నారు, రుచి ఎలా ఉంది, వచ్చే వారం ఏమి వస్తుందని చెప్పారు అన్నవి అక్కడ రాసుకోండి. ఖాళీ అయిన గుడ్ల అట్టలు, కట్టలకు వాడిన రబ్బరు పట్టీలు, శుభ్రమైన సీసాలు ఒక సంచిలో వేసి తలుపు దగ్గర పెట్టండి. తేనె, గుడ్లు అమ్మేవాళ్లు వాటిని సంతోషంగా వెనక్కి తీసుకుంటారు. "మీ బఠాణీ చాలా తియ్యగా ఉంది, కానీ పొట్టు కాస్త గట్టిపడింది" అని వచ్చే వారం చెప్పండి. కోత ఒక రోజు ముందే చేయాలో లేదో పండించిన రైతుకు తెలియాలి.